వర్డ్‌ప్రెస్‌తో చిన్న సంస్థ వెబ్‌సైట్ కట్టి నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి గ్రంథాలయం, పూర్వ విద్యార్థుల సంఘం, సంగీత పాఠశాల, చేనేత సహకార సంఘం వంటి చిన్న సంస్థలకు వెబ్‌సైట్ కట్టుకోవడంలో కొన్నేళ్లుగా సాయపడుతున్నాను. అడిగే మనుషులు మారుతున్నారు గాని సందేహాలు మారడం లేదు కనుక వాటిని ఒక్కచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ముందుగా ఒక్క మాట: సైట్ రూపం ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, సైట్ పేరు ఎవరి చేతిలో ఉంది, రాతలు ఎక్కడ ఉన్నాయి, వాటి నకలు ఎవరి దగ్గర ఉంది అన్న మూడు విషయాలు మొదటి రోజే తేల్చుకోవాలి.

## మొదలుపెట్టే ముందు

వర్డ్‌ప్రెస్ అంటే బ్లాగు రాసుకునేది కదా, దానితో పూర్తి వెబ్‌సైట్ కట్టవచ్చా?

కట్టవచ్చు. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003 మే 27న దీన్ని విడుదల చేసినప్పుడు ఇది నిజంగానే బ్లాగు సాధనం. తేదీల వరుసలో రాతలను చూపడమే దాని పని. 2005లో వచ్చిన 1.5 వెర్షన్‌తో తేదీతో సంబంధం లేని పేజీలు, రూపాన్ని మార్చే థీములు చేరాయి. 2010లో వచ్చిన 3.0 వెర్షన్‌తో పుస్తకం, సభ్యుడు, కచేరీ వంటి సొంత రకాల సమాచారాన్ని నిర్వచించుకునే వీలు కుదిరింది. ఒక సంస్థ పరిచయం, కార్యక్రమాలు, ఫొటోలు, ప్రకటనలు, సంప్రదించే వివరాలు వీటికి ఇది నిండుగా సరిపోతుంది. గ్రంథాలయంలో పుస్తకాల అరువు లెక్కలు చూడటం వంటి పనులకు మాత్రం దీన్ని వంచవద్దు, వాటికి కోహా వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంది.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ రెండూ ఒకటేనా?

సాఫ్ట్‌వేర్ ఒకటే, ఏర్పాటు వేరు. డాట్ ఆర్గ్‌లో దొరికేది ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని మీరు అద్దెకు తీసుకున్న హోస్టింగ్‌లో (సైట్‌ను ఎప్పుడూ నెట్‌లో ఉంచే సర్వర్ కంప్యూటర్‌లో కొంత చోటు) పెట్టుకుని పూర్తి అధికారంతో నడుపుకుంటారు. డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ కంపెనీ 2005 నుంచి నడుపుతున్న సేవ. సర్వర్ సంగతి వాళ్లు చూసుకుంటారు, మీరు ఖాతా తెరిచి రాసుకోవడమే. దాని ఉచిత ప్లాన్‌లో సొంత డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామాగా కొనుక్కునే పేరు, పెట్టుకోలేరు. సర్వర్ పనులు చూసుకోగల ఒక మనిషైనా సంస్థలో నిలకడగా ఉంటే డాట్ ఆర్గ్ మంచిది, అలాంటి వారు లేకపోతే డాట్ కామ్‌కు డబ్బు కట్టడమే క్షేమం.

డబ్బు పెట్టే స్థోమత లేదు, బ్లాగర్ సరిపోతుందా?

చాలా సంస్థలకు సరిపోతుంది. 1999లో పైరా ల్యాబ్స్ మొదలుపెట్టిన బ్లాగర్‌ను 2003లో గూగుల్ కొన్నది. అప్పటి నుంచి హోస్టింగ్ ఖర్చు లేకుండా నడుస్తోంది. స్థిరమైన పేజీలు పెట్టుకోవచ్చు, డొమైన్ విడిగా కొనుక్కుని దానికి కలుపుకోవచ్చు. ప్లగిన్లు (సైట్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు) చేర్చుకునే వీలు లేదు, రూపంలో స్వేచ్ఛ తక్కువ. అసలు చిక్కు మరొకటి ఉంది: చాలా చోట్ల బ్లాగు ఒక్క కార్యదర్శి సొంత జీమెయిల్‌కు కట్టుబడి ఉంటుంది. సంస్థ పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, దాన్ని కూడా అడ్మిన్‌గా చేర్చిన తర్వాతే మొదటి రాత ప్రచురించండి.

డొమైన్ ఎవరి పేరు మీద కొనాలి? సైట్ చేసే అబ్బాయే కొంటానంటున్నాడు.

కొనే పని అతను చేసిపెట్టవచ్చు గాని, ఖాతా, ఈమెయిల్, ఫోన్ నంబరు సంస్థవే అయి ఉండాలి.

ఒక పట్టణ గ్రంథాలయం విషయంలో నేను దగ్గరుండి కూడా ఈ సంగతి పట్టించుకోలేదు. సైట్ కట్టిన వ్యక్తి డొమైన్‌ను తన ఈమెయిల్‌తో కొన్నారు. డబ్బు గ్రంథాలయం ఇచ్చింది కనుక పేరు గ్రంథాలయానిదేనని అందరమూ అనుకున్నాం. మూడేళ్లకు ఆయన ఉద్యోగం మారి, ఆ ఈమెయిల్ చూడటం మానేశారు. రెన్యువల్ హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే వెళ్లాయి. ఒక ఉదయం పత్రికల విభాగం చూసే పెద్దాయన ఫోన్ చేసి, మన సైట్ తెరిస్తే ఏవో ప్రకటనలు వస్తున్నాయని చెప్పారు. డాట్ కామ్ వంటి పేర్లకు గడువు ముగిసి తొలగింపు మొదలయ్యాక 30 రోజుల రిడెంప్షన్ కాలం ఉంటుంది. ఆ లోపు తిరిగి పొందాలంటే మామూలు రుసుము మీద అదనంగా బాగా కట్టాలి, అది కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. మా అదృష్టం కొద్దీ ఆయన దొరికారు, పేరు దక్కింది.

అందుకే ఈ పని ఇలా చేయమంటాను: సంస్థ పేరున ఒక ఈమెయిల్ తెరవండి, దాని పాస్‌వర్డు కనీసం ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర ఉంచండి, వీలైతే డొమైన్‌ను ఒకేసారి మూడేళ్లకో ఐదేళ్లకో కట్టేయండి, గడువు తేదీని మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టండి.

హోస్టింగ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదటి ఏడాది ధర కాకుండా రెండో ఏడాది నుంచి కట్టాల్సిన ధర చూడండి. రోజువారీ బ్యాకప్ (సైట్ నకలు), ఉచిత ఎస్‌ఎస్‌ఎల్ (సైట్‌కూ చూసేవారికీ మధ్య సమాచారాన్ని భద్రపరిచే ఏర్పాటు), వర్డ్‌ప్రెస్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ భాష కొత్త వెర్షన్ ఉన్నాయో లేదో అడగండి. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగానే ఇస్తోంది కనుక దానికి విడిగా డబ్బు అడిగే చోట ఒకసారి ఆలోచించుకోండి. చిన్న సంస్థకు అన్నిటికన్నా తక్కువ ప్లాన్ చాలు.

## కట్టేటప్పుడు

పోస్ట్ వేరు, పేజీ వేరు అంటారు. దేన్ని ఎక్కడ వాడాలి?

కాలంతో పాతబడేది పోస్ట్, పాతబడకూడనిది పేజీ. వార్షికోత్సవ వార్త, పోటీల ప్రకటన, సంతాప సందేశం పోస్టులు. సంస్థ చరిత్ర, కార్యవర్గం, సభ్యత్వ నియమాలు, చిరునామా పేజీలు. పోస్టులకు వర్గాలు, ట్యాగులు ఉంటాయి. పేజీలకు ఒకదాని కింద ఒకటి అమరే వంశక్రమం ఉంటుంది. కొందరు ప్రతి కార్యక్రమానికీ ఒక పేజీ చేసి మెనూలో చేర్చుతూ పోతారు. రెండేళ్లకు ఆ మెనూ ఫోన్ తెరలో పట్టదు, కొత్తగా వచ్చినవారికి ఏది తాజా సంగతో తెలియదు.

సైట్ తెరవగానే రాతలు వరుసగా వస్తున్నాయి. మా సంస్థ పరిచయం మొదట రావాలంటే ఏం చేయాలి?

“హోమ్” పేరుతో ఒక పేజీ, “వార్తలు” పేరుతో మరో ఖాళీ పేజీ చేయండి. సెట్టింగ్స్‌లో రీడింగ్ విభాగం తెరిచి, మొదటి పేజీగా స్థిరమైన పేజీ చూపాలని ఎంచుకుని, హోమ్‌ను ముందు పేజీగా, వార్తలను పోస్టుల పేజీగా నిర్ణయించండి. అప్పటి నుంచి రాతలన్నీ వార్తల పేజీలోకి చేరతాయి. బ్లాగు వెబ్‌సైట్‌గా మారేది ఈ ఒక్క మార్పుతోనే.

ఏ థీమ్ తీసుకోవాలి? ఐదు వేల రూపాయల ప్రీమియం థీమ్ ఒక గ్రూపులో ఉచితంగా ఇస్తున్నారు.

ఆ ఉచిత కాపీని ముట్టుకోవద్దు. లైసెన్సు తీసేసి పంచే థీముల్లో దొంగ కోడ్ దాచి పెట్టడం చాలా మామూలు. దానికి అప్‌డేట్లు కూడా అందవు. వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో దొరికే ఉచిత థీములు చిన్న సంస్థకు చాలు. 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాక్ థీముల్లో తలకట్టు, అడుగు భాగం కూడా ఎడిటర్‌లోనే దిద్దుకోవచ్చు. థీమ్ ఫైళ్లలోకి నేరుగా వెళ్లి కోడ్ మార్చవద్దు, ఎందుకంటే తర్వాతి అప్‌డేట్‌తో మీ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మార్చక తప్పకపోతే చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడుతూ మీ మార్పులను విడిగా ఉంచుకునే థీమ్) చేసుకుని అందులో మార్చండి. ఎంచుకునే ముందు డెమోలో ఉన్న అందమైన ఇంగ్లిష్ శీర్షికల స్థానంలో మీ తెలుగు శీర్షిక ఒకటి పెట్టి, ఫోన్‌లో చూడండి. సగం థీములు అక్కడే తేలిపోతాయి.

ఎన్ని ప్లగిన్లు పెట్టుకోవచ్చు?

లెక్క కంటే అవసరం ముఖ్యం. బ్యాకప్‌కు ఒకటి, సంప్రదింపు ఫారానికి ఒకటి, స్పామ్ వ్యాఖ్యలను అడ్డుకోవడానికి ఒకటి, భద్రతకు ఒకటి ఉంటే చాలా సైట్లు నడుస్తాయి. చేర్చే ముందు చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. వాడనివాటిని డీయాక్టివేట్ చేసి వదిలేయకుండా డిలీట్ చేయండి. ఆపేసిన ప్లగిన్ ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, వాటిలోని లోపం ద్వారా కూడా లోపలికి రావచ్చు.

సైట్ పెట్టి నెలలు గడిచినా గూగుల్‌లో కనిపించడం లేదు, ఎందుకు?

మొదట రీడింగ్ సెట్టింగ్స్‌లో, సైట్‌ను చూపవద్దని సెర్చ్ ఇంజిన్లను కోరే గడిలో టిక్ ఉందేమో చూడండి. కట్టేటప్పుడు పెట్టిన ఆ టిక్ తీయడం మరిచిపోవడమే తరచుగా అసలు కారణం. ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను నమోదు చేసి సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల లింకుల జాబితా) ఇవ్వండి; 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే తయారు చేస్తోంది.

## తెలుగులో రాసేటప్పుడు

కరపత్రం కోసం డీటీపీ వాళ్లు చేసిన మేటర్ అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి, ఏం చేయాలి?

ఆ మేటర్ అనూ వంటి పాత ఫాంట్లలో కంపోజ్ అయి ఉంటుంది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చుతాయి. ఫాంట్ లేని చోట ఆ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే బయటపడతాయి. దాన్ని అనూ నుంచి యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చిన పాఠాన్ని ఒకసారి శ్రద్ధగా చదివి దిద్దండి. ముఖ్యంగా వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. కరపత్రాన్ని బొమ్మగా పెట్టి వదిలేసేవారు చాలామంది; బొమ్మలోని మాటలను సైట్ వెతుకులాట పట్టుకోలేదు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు. బొమ్మ పెట్టినా పాఠం కూడా పెట్టండి.

తెలుగు శీర్షిక పెడితే లింకు పొడవుగా పర్సెంట్ గుర్తులతో వస్తోంది, కొన్నిసార్లు మధ్యలో తెగిపోతోంది. ఎందుకు?

పోస్టు చిరునామాలో చివరి భాగాన్ని స్లగ్ అంటారు. వర్డ్‌ప్రెస్ దానికి డేటాబేస్‌లో 200 గుర్తుల చోటు ఇస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక గుర్తు చాలు. తెలుగులో మాత్రం అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్న ఇవన్నీ దేనికది విడిగా లెక్కకు వస్తాయి. ఒక్కొక్కటీ మూడు బైట్లు, చిరునామాలో ప్రతి బైటూ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది కనుక అక్కడికి వెళ్లేసరికి తొమ్మిది గుర్తులవుతుంది. అంటే మొత్తం 22 తెలుగు గుర్తులకే చోటు.

“జాతీయ గ్రంథాలయ వారోత్సవాల ప్రారంభ సభ” అన్న శీర్షిక తీసుకోండి. జాతీయలో ఐదు, గ్రంథాలయలో ఎనిమిది, వారోత్సవాలలో పది గుర్తులున్నాయి. మొదటి రెండు మాటలూ పట్టాక మూడో మాటలో తొమ్మిది గుర్తులకే చోటు మిగులుతుంది కనుక చిరునామా “వారోత్సవా” దగ్గర ఆగిపోతుంది. ప్రారంభ సభ ఊసే ఉండదు. మరుసటి ఏడాది ముగింపు సభ గురించి రాసినా అదే చిరునామా చివర ఒక 2 చేరి వస్తుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే కొన్ని ఫోన్లలో తెర నిండా పర్సెంట్ గుర్తులే.

ప్రచురించే ముందే స్లగ్ గడిలో మూడు నాలుగు మాటలు ఇంగ్లిష్ లిపిలో చిన్నగా, సంవత్సరంతో కలిపి రాయండి. తెలుగు లిపి మీద నాకున్న మక్కువ తక్కువదేమీ కాదు, శీర్షిక తెలుగులోనే ఉండాలంటాను. చిరునామా మాత్రం పంపుకోవడానికి, చదివి చెప్పడానికి వీలుగా ఉండాలి. బ్లాగర్‌లో తెలుగు అక్షరాలు స్లగ్‌లోకి చేరవు, పోస్టులన్నిటికీ “బ్లాగ్-పోస్ట్” అనే పేరే అంకెలతో వస్తుంది. కనుక అక్కడ కూడా ప్రచురణకు ముందే పర్మాలింక్‌ను (పోస్టు శాశ్వత చిరునామాను) చేత్తో రాసుకోవాలి.

తెలుగుకు ఏ ఫాంట్ బాగుంటుంది?

వ్యాసం పాఠానికి నోటో సాన్స్ తెలుగు లేదా మండలి, శీర్షికలకు రామభద్ర, సురవరం వంటివి బాగుంటాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫాంట్ కంటే పంక్తుల మధ్య దూరం ముఖ్యం: ఇంగ్లిష్ కోసం పెట్టిన 1.4 దూరంలో పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి కనుక దాన్ని 1.7 నుంచి 1.9 వరకు పెంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్‌ను తెలుగుకు వాడవద్దు. ఏటవాలు అక్షరాలు తెలుగులో చదవడానికి కష్టం, నొక్కి చెప్పాల్సిన చోట బొద్దు అక్షరాలు చాలు.

డాష్‌బోర్డు (లాగిన్ అయ్యాక సైట్‌ను నడిపే లోపలి తెర) తెలుగులో రావాలంటే?

జనరల్ సెట్టింగ్స్‌లో సైట్ భాషగా తెలుగు ఎంచుకోండి. దీనివల్ల సైట్ తెలుగులో ఉందని బ్రౌజర్‌కు, స్క్రీన్ రీడర్‌కు కూడా తెలుస్తుంది. డాష్‌బోర్డు భాషను ఎవరి ప్రొఫైల్‌లో వారు విడిగా మార్చుకోవచ్చు కనుక పెద్దవారికి తెలుగులో, సాంకేతిక పని చూసేవారికి ఇంగ్లిష్‌లో ఉంచవచ్చు.

## నడిపేటప్పుడు

సంస్థలో ఐదుగురు రాస్తారు. అందరికీ ఒకే లాగిన్ ఇస్తే పోలేదా?

ఇవ్వవద్దు. ఏది ఎవరు మార్చారో తెలియదు, ఒకరు తప్పుకుంటే అందరి పాస్‌వర్డూ మార్చాలి. అడ్మినిస్ట్రేటర్ హోదా ఇద్దరికి మించి అక్కర్లేదు. అందరి రాతలూ దిద్ది ప్రచురించేవారికి ఎడిటర్, తమ రాతలు తామే ప్రచురించుకునేవారికి ఆథర్ హోదా ఇవ్వండి. కొత్తవారికి కంట్రిబ్యూటర్ ఇవ్వవచ్చు. వారు రాసి సమీక్షకు పంపగలరు గాని ప్రచురించలేరు, ఫొటోలు కూడా ఎక్కించలేరు. ఆ ఫొటోల సంగతి ముందే చెప్పకపోతే తమ ఫోన్‌లోనే ఏదో లోపం ఉందనుకుంటారు.

ఫొటోలు ఎక్కిస్తే సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోంది, కారణం ఏమిటి?

ఫోన్ కెమెరా ఫొటోలు ఐదారు మెగాబైట్లు ఉంటాయి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ పెద్ద ఫొటోలను 2560 పిక్సెళ్లకు కుదించి వాడుతోంది గాని, అసలు ఫైలు సర్వర్‌లో అలాగే చోటు ఆక్రమిస్తుంది. ఎక్కించే ముందే 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించండి. ఒక సభకు నలభై ఫొటోలు పెట్టకుండా ఆరింటిని ఎంచి, ఎవరెవరు ఉన్నారో ప్రతి ఫొటో కింద పేర్లు రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పేర్ల కోసమే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారు.

రేపు ఉదయం 6 గంటలకు రావాలని పెట్టిన పోస్టు 9 గంటలకు వచ్చింది, ఎందుకు?

వర్డ్‌ప్రెస్ గడియారం ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరూ రాకపోతే పోస్టు కూడా ఆగుతుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్ (సర్వర్ తనంతట తానే వేళకు చేసే పని) పెడితే ఇది సర్దుకుంటుంది. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ కోల్‌కతాగా ఉందో లేదో కూడా చూడండి.

అప్‌డేట్ నొక్కితే ఏమైనా పాడవుతుందేమోనని భయం, నొక్కకపోతే ఏమవుతుంది?

నొక్కకపోతే తెలిసిన లోపాలు తెరిచి ఉంటాయి, దాడులు ఎక్కువగా వాటి ద్వారానే జరుగుతాయి. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి చిన్న భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడుతున్నాయి. ప్లగిన్లకూ థీములకూ ఆ వెసులుబాటు కావాలంటే మీరే ఆన్ చేసుకోవాలి. పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు బ్యాకప్ తీసుకుని, నాలుగైదు రోజులు ఆగి, సంస్థ కార్యక్రమాలేవీ లేని రోజు చేయండి.

బ్యాకప్ హోస్టింగ్ వాళ్లే తీస్తారు కదా, మేము కూడా తీయాలా?

తీయాలి. సర్వర్ పాడైనా, బిల్లు ఆలస్యమై ఖాతా మూతపడినా వాళ్ల బ్యాకప్ కూడా మీకు అందకపోవచ్చు. వర్డ్‌ప్రెస్ సైట్ రెండు చోట్ల ఉంటుంది: రాతలు, సెట్టింగులు డేటాబేస్‌లో, ఫొటోలు, థీములు, ప్లగిన్లు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో. రెండూ ఉంటేనే పూర్తి నకలు. టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్ ఇచ్చే ఫైలులో రాతలు ఉంటాయి గాని ఫొటో ఫైళ్లు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. అదే బ్యాకప్ అనుకుని పాత సైట్‌ను తీసేసినవారు ఫొటోలన్నీ పోగొట్టుకున్నారు.

అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటి ప్లగిన్‌తో వారానికోసారి సంస్థ గూగుల్ డ్రైవ్‌లోకి నకలు వెళ్లేలా పెట్టండి. ఏడాదికి రెండుసార్లు ఒక నకలును హార్డ్ డిస్కులోకి దించి సంస్థ బీరువాలో ఉంచండి. ఒకసారైనా దాన్ని మరో చోట తిరిగి నిలబెట్టి చూడండి.

## చెడినప్పుడు, చేతులు మారినప్పుడు

ప్లగిన్ అప్‌డేట్ చేశాక సైట్ తెల్లగా అయిపోయింది, లోపలికి కూడా వెళ్లలేకపోతున్నాం. ఏం చేయాలి?

ముందు అడ్మిన్ ఈమెయిల్ చూడండి. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఇలాంటి లోపం వచ్చినప్పుడు వర్డ్‌ప్రెస్ రికవరీ మోడ్ లింకును ఆ చిరునామాకు పంపుతుంది. దాని ద్వారా లోపలికి వెళ్లి, చిక్కు తెచ్చిన ప్లగిన్‌ను ఆపవచ్చు. ఈమెయిల్ రాకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో డబ్ల్యూపీ-కంటెంట్ తెరిచి ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చండి. ప్లగిన్లన్నీ ఒక్కసారిగా ఆగి సైట్ తెరుచుకుంటుంది. తర్వాత డాష్‌బోర్డులో ప్లగిన్ల పేజీ ఒకసారి తెరిచి, ఫోల్డర్ పేరు తిరిగి సరిచేసి ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ పోతే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మీ రాతలు డేటాబేస్‌లో భద్రంగానే ఉంటాయి, కంగారులో వర్డ్‌ప్రెస్‌ను తీసేసి మళ్లీ ఎక్కించవద్దు.

కార్యవర్గం మారింది. పాత కార్యదర్శి లాగిన్ తీసేయాలంటే ఎలా?

తొందరపడి డిలీట్ నొక్కవద్దు. ఆ సమయంలో వర్డ్‌ప్రెస్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ వ్యక్తి రాతలన్నీ తొలగించాలా, వేరొకరి పేరుకు మార్చాలా అని. మొదటిది ఎంచుకుంటే ఆయన ఆరేళ్లపాటు రాసిన వార్తలన్నీ ఆయన ఖాతాతో పాటు పోతాయి. తీసేయడం కంటే ఆయన హోదాను సబ్‌స్క్రైబర్‌గా తగ్గించి, పాస్‌వర్డు మార్చడం మేలు. రాతల కింద ఆయన పేరు అలాగే నిలుస్తుంది, అది ఆయనకు దక్కవలసిన గౌరవం కూడా. జనరల్ సెట్టింగ్స్‌లోని అడ్మిన్ ఈమెయిల్, డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, గూగుల్ డ్రైవ్ వీటిలో ఫోన్ నంబర్లు మార్చండి. బాధ్యతల అప్పగింత రోజున తాళాల గుత్తితో, రసీదు పుస్తకాలతో పాటు ఈ నాలుగు ఖాతాల వివరాలూ కాగితం మీద రాసి, సంతకాలు తీసుకుని, కొత్త కార్యదర్శి చేత అక్కడికక్కడే ఒక్కొక్కటిగా లాగిన్ చేయించండి.